విమానాల నుంచి చల్లే కార్చిచ్చు నిరోధకాలు

అడవి అంటుకున్నప్పుడు, ఇంకా కాలని చెట్లూ పొదల మీద విమానం నుంచి కుమ్మరించి, నిప్పు అక్కడికి వచ్చేసరికి దాని జోరు తగ్గేలా చేసే రసాయన ద్రవాలను కార్చిచ్చు నిరోధకాలు అంటారు. ఈ పనిలో ఉన్నవారి వాడుకలో ఇవి రిటార్డెంట్లు. టీవీలో ఆ ఎర్రటి ధార చూసినవారికి ఇదేదో మంట ఆర్పే మందు అనిపిస్తుంది. నిజానికి దీన్ని మంట మీద పోయరు, మంట వచ్చే దారికి అడ్డంగా పట్టీలా పరుస్తారు. నీళ్లు, నురగ, జెల్ లాంటివి తడి ఉన్నంతసేపే పనిచేస్తాయి. రిటార్డెంట్‌కు మాత్రం నీరంతా ఆవిరైపోయాకే అసలు పని మొదలవుతుంది. గట్టి వాన పడి కడిగేసేదాకా ఆ పట్టీ కాపలా కాస్తూనే ఉంటుంది. అది మంటను ఆలస్యం చేస్తుందే తప్ప చంపదు. ఆ వ్యవధిలో నేల మీది సిబ్బంది వచ్చి, మంట దాటకుండా అడ్డగీత (ఫైర్ లైన్) తవ్వి, నిప్పు చల్లార్చాలి.

ఏడు దశాబ్దాల ఈ రంగం చరిత్రను తిరగేస్తే ఒక సంగతి తెలుస్తుంది. మంటను నిలువరించే రసాయనం దొరకడం పెద్ద కష్టం కాలేదు. కష్టమంతా దాన్ని మట్టికీ, చేపకూ, విమానం రెక్కకూ హాని చేయకుండా చూడటంలోనే వచ్చింది. పెద్ద మార్పుల్లో చాలావరకు ఏదో ఒక నష్టం బయటపడ్డాకే వచ్చాయి. ఒక చోట నష్టం తగ్గించిన మందు మరో చోట కొత్త నష్టం తెచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

ఏముంటుంది, ఎలా పనిచేస్తుంది

విమానంలో నింపడానికి సిద్ధం చేసిన రిటార్డెంట్‌లో సుమారు 85 శాతం నీరే. పది శాతం దాకా అమ్మోనియం ఫాస్ఫేట్ లవణాలు. మిగతాది రంగు, చిక్కదనం కోసం జిగురు, లోహాన్ని తినేయకుండా ఆపే పదార్థాలు, నిల్వలో చెడకుండా కాపాడేవి. ఆ లవణాలు తెలుగు రైతుకు కొత్తవేమీ కావు. ఎరువుల కొట్లో బస్తాల లెక్కన కొనే డీఏపీ, అంటే డైఅమ్మోనియం ఫాస్ఫేట్, వాటిలో ఒకటి. మోనోఅమ్మోనియం ఫాస్ఫేట్, అమ్మోనియం పాలీఫాస్ఫేట్ మిగతా రెండు. విశాఖపట్నం, కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీల నుంచి వచ్చే సరుకూ, కాలిఫోర్నియా కొండల మీద విమానం కుమ్మరించేదీ రసాయనపరంగా ఒకే కుటుంబం.

ఎరువు మంటనెలా ఆపుతుంది? కట్టె, ఆకు, గడ్డి, వీటన్నిటిలో ఎక్కువ భాగం సెల్యులోజ్. అది ఘనరూపంలో ఉండగా జ్వాలగా మండదు. వేడి తగిలితే విరిగి లీవోగ్లూకోసాన్ లాంటి ఆవిరయ్యే పదార్థాలుగా మారుతుంది. ఆ ఆవిర్లు గాలిలో కలిసి మండితే కనబడేదే జ్వాల. ఫాస్ఫేట్ లవణం వేడెక్కినప్పుడు అమ్మోనియా ఎగిరిపోయి ఫాస్ఫారిక్ ఆమ్లం మిగులుతుంది. ఆ ఆమ్లం సెల్యులోజ్ విరిగే దారినే మళ్లిస్తుంది. మామూలుగా కంటే తక్కువ వేడిలోనే, అందులోని హైడ్రోజన్, ఆక్సిజన్‌లను నీటి రూపంలో బయటికి పంపి, కార్బన్‌ను బొగ్గుగా అక్కడికక్కడే ఉంచేస్తుంది. మండాల్సిన సరుకు ఆవిరి కాకుండా బొగ్గై కూర్చుంటే జ్వాలకు మేత ఉండదు. పైన కట్టిన బొగ్గు పొర లోపలి కట్టెకు వేడి సోకనివ్వదు. జ్వాల ఆరాక కూడా లోలోపల రగిలే కణికల్ని ఫాస్ఫేట్ అణచగలదు. అమ్మోనియం సల్ఫేట్ కూడా ఇదే దారిలో పనిచేస్తుంది గానీ ఈ చివరి పనిలో వెనకబడింది. ఒకప్పుడు ఫాస్ఫేట్‌తో సమానంగా పోటీపడిన సల్ఫేట్ తెరమరుగవడానికి ఇదీ ఒక కారణం.

ఈ కిటుకు విమానాల కంటే చాలా పాతది. పారిస్ నాటకశాలల్లో తెరలు తరచూ అంటుకుంటుంటే, పద్దెనిమిదో లూయీ రాజు కోరిక మీద రసాయన శాస్త్రవేత్త గేలుస్సాక్ బట్టలపై ప్రయోగాలు చేశాడు. అమ్మోనియం ఫాస్ఫేట్, అమ్మోనియం క్లోరైడ్, బోరాక్స్ లవణాలు బట్టకు నిప్పు తట్టుకునే గుణం ఇస్తాయని 1821లో ప్రకటించాడు. ఇప్పటి రిటార్డెంట్ల రసాయనానికి మూలం అక్కడే ఉంది.

విల్లోస్ నుంచి మొదలు

1953 జులైలో కాలిఫోర్నియాలోని మెండొసీనో జాతీయ అరణ్యంలో రాటిల్‌స్నేక్ మంట 15 మంది అగ్నిమాపక సిబ్బందిని బలితీసుకుంది. గాలి ఒక్కసారిగా దిశ మార్చడంతో లోయలో ఉన్నవారు తప్పించుకోలేకపోయారు. మనిషిని మంట ముందు నిలబెట్టకుండా పనిచేసే మార్గాల కోసం వెతుకులాట ఆ తర్వాత ఊపందుకుంది. 1954లో దక్షిణ కాలిఫోర్నియాలోని క్యాంప్ పెండిల్టన్ దగ్గర ఆపరేషన్ ఫైర్‌స్టాప్ పేరుతో ప్రయోగాలు జరిగాయి. యుద్ధకాలపు అవెంజర్ బాంబర్ నుంచి నీళ్లు వదిలి చూశారు, రసాయనాలూ పరీక్షించారు.

మరుసటి ఏడాది అసలు పని మాత్రం ఒక చిన్న ఊరి రైతు విమానం చేసింది. ఉత్తర కాలిఫోర్నియాలోని విల్లోస్‌లో నోల్టా కుటుంబానికి పొలాలపై మందు చల్లే వ్యాపారం ఉండేది. ఫ్లాయిడ్ నోల్టా తమ స్టియర్‌మన్ జంటరెక్కల విమానం కడుపులో కన్నం కోసి, కీలుతో తలుపు బిగించాడు. తాడు లాగితే అది తెరుచుకుని నీరంతా ఒకేసారి కింద పడుతుంది. ట్యాంకులో పట్టేది 170 గ్యాలన్లు, అంటే సుమారు 640 లీటర్లు. 1955 ఆగస్టులో మెండెన్‌హాల్ మంట మీద వాన్స్ నోల్టా దాన్ని నడిపి నీళ్లు వదిలాడు. అగ్నిమాపక పనిలో ట్యాంకర్ విమానాన్ని నిజంగా వాడటం అక్కడి నుంచే లెక్కపెడతారు.

నీటితో చిక్కేమిటో వెంటనే తెలిసింది. పైనుంచి పడుతుండగానే కొంత ఆవిరైపోతుంది, కొంత తుంపరలై గాలికి కొట్టుకుపోతుంది, నేలకు చేరినది ఎండకు గంట లోపే ఆరిపోతుంది. అందుకని సోడియం కాల్షియం బోరేట్‌ను నీటిలో ముద్దగా కలిపి వాడారు. బాగా అంటుకునేది, మంటను బాగానే నిలిపేది. ఆ విమానాలకు బోరేట్ బాంబర్లనే పేరు ఎంతగా స్థిరపడిందంటే, బోరేట్ పోయిన చాలా ఏళ్లకు కూడా పాతకాపులు అలాగే పిలిచేవారు. కానీ బోరేట్ పడిన చోట నేల గొడ్డుబోయేది, ఏళ్ల తరబడి మొక్క మొలిచేది కాదు. అడవిని కాపాడబోయి నేలను చంపడమన్నమాట. బోరేట్‌ను పక్కనబెట్టి కొంతకాలం బెంటొనైట్ బంకమట్టి కలిపిన నీళ్లు వాడారు. అవి నేలకు హాని చేయలేదు గానీ, ఆరాక పెద్దగా పనికిరాలేదు. 1960ల మొదట్లో మోన్‌శాంటో కంపెనీ తెచ్చిన ఫాస్-చెక్ ఫాస్ఫేట్ దారి పట్టింది. ఆ బ్రాండు ఎన్నో చేతులు మారి ఇప్పుడు పెరిమీటర్ సొల్యూషన్స్ దగ్గర ఉంది.

చిక్కదనం, గోరుచిక్కుడు

లవణం కంటే జిగురు దగ్గరే ఎక్కువ నేర్పు కనిపిస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. విమానం గంటకు రెండు వందల కిలోమీటర్లకు పైగా వేగంతో పోతూ ద్రవాన్ని వదిలితే, గాలి దాన్ని చీల్చి చెండాడుతుంది. పలుచని ద్రవం పొగలా చెదిరిపోతుంది. మరీ చిక్కనైతే ముద్దలుగా పడి మధ్యలో ఖాళీలు వదిలేస్తుంది. ఖాళీ దొరికితే మంట అందులోంచి జారుకుంటుంది. ఈ రెంటి మధ్య సమతూకం కోసం కలిపేది ఎక్కువగా గ్వార్ గమ్, అంటే గోరుచిక్కుడు గింజల పొడి. మన ఇళ్లలో వేపుడు చేసుకునే గోరుచిక్కుడే ఇది, ప్రపంచంలో అత్యధికంగా పండేది మన దేశంలోనే, అందులోనూ రాజస్థాన్‌లో. జిగురు ఉంటే బొట్లు పెద్దవిగా, బరువుగా పడతాయి, కొమ్మకు చుట్టుకుని పైనుంచి కిందికి అంటుకుంటూ దిగుతాయి. అలాగని జిగురు మరీ ఎక్కువైతే అంతా పై కొమ్మల్లోనే ఆగిపోయి, కింద గడ్డి ఖాళీగా మిగులుతుంది.

ఇదంతా కొలవడానికి అమెరికా అటవీ సేవ వాడే పద్ధతి చూడ్డానికి తమాషాగా ఉంటుంది. మైదానంలో వేలాది కప్పులను గళ్లుగళ్లుగా వరసకట్టి పెడతారు. విమానం వాటి మీదుగా వచ్చి ధార వదులుతుంది. జనం పరుగున వెళ్లి ఒక్కో కప్పుకు మూత బిగించి, బల్ల దగ్గరికి తెచ్చి తూకం వేస్తారు. ఏ కప్పులో ఎంత పడిందో పటంలో గుర్తిస్తే పట్టీ ఆకారం తేలుతుంది. ఆ కొలతనే కవరేజ్ లెవల్ అంటారు. వంద చదరపు అడుగులకు ఒక గ్యాలన్ పడితే లెవల్ 1, అంటే చదరపు మీటరుకు సుమారు 0.4 లీటరు. పొట్టి గడ్డికి ఒకటీ రెండూ చాలు. దట్టమైన పొదలకు, పెద్ద అడవికి ఆరు, ఎనిమిది దాకా కావాలి. పైలట్ ఏ లెవల్ అడిగితే ట్యాంకు తలుపులు ఆ మేరకు తెరుచుకునే ఏర్పాటు ఇప్పటి విమానాల్లో ఉంది. విమానాలూ పెరిగాయి. కాలిఫోర్నియా వాడే ఎస్-2 ట్యాంకర్‌లో 1,200 గ్యాలన్లు పడితే, డీసీ-10లో 9,400 పడతాయి. 2021లో విరమించిన 747 సూపర్‌ట్యాంకర్ 19 వేలకు పైగా మోసేది.

రంగు కూడా చిన్న విషయం కాదు. ఇనుప ఆక్సైడ్ కలిపిన ఎరుపు పైలట్‌కు బాగా కనిపిస్తుంది, గత పట్టీ ఎక్కడ ఆగిందో చూసి తర్వాతిది దానికి అతికించవచ్చు. కానీ బండల మీద, గోడల మీద మరక వదలదు. ఎండకు కొన్నాళ్లలో వెలిసిపోయే రంగులు దానికి ప్రత్యామ్నాయంగా వచ్చాయి.

అనుమతి ఎలా దొరుకుతుంది

అమెరికా ప్రభుత్వ భూముల మీద చల్లాలంటే ఆ మందు అటవీ సేవ ఆమోదిత జాబితాలో ఉండాలి. పరీక్షలు ఎక్కువగా మోంటానా రాష్ట్రంలోని మిజూలాలో జరుగుతాయి. పైన్ ఆకులు, సన్నగా చెక్కిన ఆస్పెన్ చెక్కపీచు పరుపులుగా పరిచి, మందు చల్లి, పూర్తిగా ఆరనిచ్చి, గాలి సొరంగంలో ఒక చివర అంటిస్తారు. మందు లేని పరుపు కాలే వేగంతో, బరువు తగ్గే తీరుతో పోల్చి చూస్తారు. ట్రౌట్ చేప పిల్లలను మందు కలిపిన నీటిలో 96 గంటలు ఉంచి సగం చనిపోయే మోతాదు కనుక్కుంటారు. విమానాల్లో వాడే అల్యూమినియం, ఉక్కు, ఇత్తడి ముక్కలను 90 రోజులు ముంచి ఎంత అరిగిందో కొలుస్తారు. నిల్వ పరీక్ష వేరు, ఏడాదికి పైగా పడుతుంది. మంట పరీక్షలో బాగా నెగ్గిన మందు లోహ పరీక్షలో ఓడిపోవడం ఇక్కడ మామూలే. చాలా ఏళ్లు ఈ జాబితాలో విమానాలకు పనికొచ్చే దీర్ఘకాలిక నిరోధకాలన్నీ ఒకే కంపెనీవి కావడానికి, కొత్తవారు రావడానికి జంకడానికి ఇదొక కారణం. పోటీ లేని మార్కెట్లో మెరుగుదల నెమ్మదిగా సాగిందంటే ఆశ్చర్యపడనక్కర్లేదు.

నదులు, చేపలు, కోర్టులు

లోహం అరగకుండా ఫైర్-ట్రోల్ అనే బ్రాండు రిటార్డెంట్లలో సోడియం ఫెర్రోసైనైడ్ కలిపేవారు. చీకట్లో అది ప్రమాదం లేని పదార్థమే. ఎండ తగిలితే, అందులోని అతినీలలోహిత కిరణాలకు విరిగి సైనైడ్ వదులుతుందని, చేపలకు, కప్పలకు అది ఎన్నో రెట్లు విషమని ప్రయోగాల్లో తేలింది. గదిలో చేసిన పరీక్షకూ, ఎండలో పారే వాగుకూ ఇంత తేడా ఉంటుందని ముందే ఆలోచించి ఉండాల్సింది. 2007 నాటికి అటవీ సేవ ఫెర్రోసైనైడ్ ఉన్న మందులు వాడటం మానేసింది.

ఫెర్రోసైనైడ్ పోయినా అమ్మోనియా సమస్య పోలేదు. ఫాస్ఫేట్ లవణం నీటిలో పడితే విడుదలయ్యే అమ్మోనియా చేపల మొప్పలకు విషం. మోతాదు తగ్గాక కూడా ఫాస్ఫరస్, నత్రజని నాచును పెంచి నీటిలో ప్రాణవాయువు హరించుకుపోయేలా చేస్తాయి. 2002లో ఒరెగాన్ రాష్ట్రంలోని ఫాల్ రివర్‌లో పొరపాటున పడిన రిటార్డెంట్‌కు 20 వేలకు పైగా చేపలు చచ్చిపోయాయి. అటవీ సేవ ఉద్యోగులే కొందరు పెట్టుకున్న పర్యావరణ నీతి సంఘం ఒకటి 2003లో కోర్టుకెక్కింది. మోంటానాలో జడ్జి డొనాల్డ్ మాలాయ్ ముందు నడిచిన కేసు ఎంత ముదిరిందంటే, 2008లో ఆయన వ్యవసాయ శాఖ ఉన్నతాధికారిని కోర్టు ధిక్కారం కింద జైలుకు పంపుతానని హెచ్చరించేదాకా వెళ్లింది. ఫలితంగా 2011లో కొత్త నిబంధనలు వచ్చాయి. వాగులు, చెరువులకు ఇరువైపులా 300 అడుగుల మేర చల్లకూడదు, అరుదైన మొక్కలూ జంతువులూ ఉన్న చోట్లను పటాల్లో గుర్తించి వదిలేయాలి, మనుషుల ప్రాణం మీదికి వస్తే మాత్రం మినహాయింపు.

అయినా దశాబ్దంలో రెండు వందలకు పైగా సార్లు నీటిలో పడింది. అదే సంఘం మళ్లీ దావా వేస్తే 2023 మేలో జడ్జి డేనా క్రిస్టెన్సన్ తీర్పు చెప్పారు. అనుమతి పత్రం లేకుండా నీటిలో వదలడం స్వచ్ఛ జల చట్టాన్ని ఉల్లంఘించడమేనన్నారు. అనుమతి తెచ్చుకునేలోగా చల్లడం ఆపమని మాత్రం అనలేదు, ఆపితే ఊళ్లు కాలిపోతాయన్న వాదనకు ఆయన తలొగ్గారు.

నేల మీద పడ్డ ఎరువు తీరు వేరు. కలుపు గడ్డికి అది విందు. అమెరికా పశ్చిమాన చీట్‌గ్రాస్ లాంటి పరాయి గడ్డి పోషకాలు దొరికితే విజృంభిస్తుంది. ఆ గడ్డి ఎండితే మళ్లీ మంటకు మంచి ఇంధనం. ఆస్ట్రేలియాలో చిక్కు మరోలా ఉంది. అక్కడి నేలల్లో ఫాస్ఫరస్ సహజంగానే తక్కువ. దానికి అలవాటుపడిన స్థానిక మొక్కల్లో కొన్నింటికి ఫాస్ఫేట్ ఎక్కువైతే విషమవుతుంది.

2024 అక్టోబరులో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ మకరీ బృందం మరో ప్రశ్న లేవనెత్తింది. మార్కెట్లో కొన్న ఫాస్-చెక్ ఎల్‌సీ95డబ్ల్యూలో క్రోమియం, కాడ్మియం, వనేడియం లాంటి లోహాలు తాగునీటి పరిమితుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నాయని ప్రచురించింది. 2009 నుంచి 2021 దాకా అమెరికాలో ఈ నిరోధకాల ద్వారా 3.8 లక్షల కిలోల భారలోహాలు పర్యావరణంలోకి చేరి ఉంటాయని అంచనా వేసింది. ఆ బృందం పరీక్షించిన రకాన్ని విమానాల నుంచి చల్లరని కంపెనీ జవాబిచ్చింది. విమానాల రకాలు బయట కొనడానికి దొరకవు, వాటి పూర్తి కూర్పు వ్యాపార రహస్యం. లోహాలు ఎక్కడివన్న దానికి ఒక సమాధానం ఎరువుల రంగంలో అందరికీ తెలిసిందే. ఫాస్ఫేట్ రాతిలోనే కాడ్మియం లాంటివి కలిసి ఉంటాయి, శుద్ధి చేసే కొద్దీ ధర పెరుగుతుంది. ఇక జనం తరచూ కలిపేసే మరో విషయం పీఫాస్ రసాయనాలు. అవి పెట్రోలు మంటలకు వాడే వేరే నురగల్లోవి, ఈ ఎర్రటి మందుకు సంబంధించినవి కావు.

మెగ్నీషియం క్లోరైడ్ ప్రయోగం

ఫాస్ఫేట్‌కు బదులు వెతికినవారికి మెగ్నీషియం క్లోరైడ్ ఆశ పుట్టించింది. కొన్ని దేశాల్లో రోడ్ల మీద దుమ్ము అణచడానికి, మంచు కరిగించడానికి చల్లే ఉప్పు ఇది. యూటాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి తీస్తారు. స్ఫటికంలో నీటి అణువులను పట్టుకుని ఉంటుంది, వేడి తగిలితే వాటిని వదులుతూ చాలా ఉష్ణాన్ని మింగేస్తుంది. అమ్మోనియా లేదు గనక చేపలకు మేలు, ఎరువు కాదు గనక నాచూ కలుపూ పెరగవు. కంపాస్ మినరల్స్ అనుబంధ సంస్థ ఫోర్ట్రెస్ తయారుచేసిన రెండు రకాలకు 2022 చివర్లో ఆమోదం దొరికింది. 2023 వేసవిలో కొన్ని స్థావరాల్లో నిజమైన మంటల మీద వాడారు.

తర్వాత ఆ మందు మోసిన విమానాల్లో లోహం దెబ్బతిన్న ఆనవాళ్లు కనిపించాయి. 2024కు అటవీ సేవ కాంట్రాక్టు ఇవ్వలేదు, కంపెనీ ఆ వ్యాపారం నుంచే తప్పుకుంది. క్లోరైడ్ అల్యూమినియం పై పొరను ఛేదించి సన్నని గుంటలు పెడుతుందన్నది సముద్రతీరంలో ఉండేవారెవరికైనా తెలిసిన సంగతే. ముక్కను తొట్టిలో ముంచి చేసే పరీక్ష ఒకటి, గాలీ తడీ ఎండా మార్చి మార్చి తగులుతూ రివెట్ల సందుల్లో ఇరుక్కునే ద్రవం ఇంకొకటి. ఈ రంగంలో విమానం ఆరోగ్యం గురించి ఎందుకంత పట్టింపో 2002 గుర్తు చేస్తుంది. ఆ వేసవిలో కాలిఫోర్నియాలో ఒక సీ-130, కొలరాడోలో మరో పాత బాంబర్ గాలిలోనే రెక్కలు ఊడి కూలిపోయాయి. అక్కడ కారణం మందు కాదు, లోహపు అలసటతో వచ్చిన పగుళ్లు. కానీ ముసలి విమానాల్లో అదనపు తినివేతకు చోటు లేదని అందరికీ అర్థమైంది.

ముందే పూయడం

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ అపెల్ బృందం సమస్యను మరో వైపు నుంచి పట్టుకుంది. కాలిఫోర్నియాలో మంటలు చాలావరకు రోడ్ల పక్కన, కరెంటు తీగల కింద, ముందే తెలిసిన చోట్ల పుడతాయి. అలాంటప్పుడు మంట వచ్చాక విమానం పంపేకన్నా, ఎండాకాలం మొదట్లోనే ఆ గడ్డికి మందు పూసి ఉంచితే? అడ్డంకి ఒక్కటే, చిన్న జల్లుకే ఫాస్ఫేట్ కొట్టుకుపోతుంది. సెల్యులోజ్ నుంచి తీసిన పాలిమర్, సిలికా నలుసులు కలిపి ఒక జెల్ చేశారు. పంపులో ద్రవంలా పారుతుంది, గడ్డి మీద పడగానే మళ్లీ గట్టిపడి అంటుకుపోతుంది. అమ్మోనియం పాలీఫాస్ఫేట్‌ను తనలో పట్టి ఉంచుతుంది. 2019లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అర అంగుళం వాన పడ్డాక కూడా అది పనిచేసింది. ఆ పరిశోధన నుంచి పుట్టిన చిన్న కంపెనీని పెరిమీటర్ 2020లో కొనేసింది, ఇప్పుడది ఫాస్-చెక్ ఫోర్టిఫై పేరుతో దొరుకుతోంది. 2024లో అదే బృందం మరో రకం జెల్ చూపించింది. ఇళ్ల గోడలకు పూసే నీటి జెల్ ఇది. మామూలు జెల్‌లు మంట సెగకు ఎండిపోతే వాటి పని అయిపోయినట్టే. ఇందులోని సిలికా మాత్రం వేడికి నురగలా పొంగి, ఎండిన తర్వాత కూడా వేడిని అడ్డుకునే ఏరోజెల్ పొరగా మిగులుతుంది.

నేలపై లారీ నుంచి పూసే ఈ మందులు విమానాల పనిని కొంత తగ్గించవచ్చు. విమానానికి కొన్ని పరిస్థితుల్లో అసలు చేసేదేమీ ఉండదు కూడా. 2025 జనవరి 7న లాస్ ఏంజలెస్‌లో పాలిసేడ్స్, ఈటన్ మంటలు చెలరేగినప్పుడు సాంటా ఆనా గాలుల ధాటికి ఆ రాత్రి విమానాలను దించేయాల్సి వచ్చింది. గాలి తగ్గాక మాండెవిల్ కాన్యన్ వైపు ఇళ్ల కప్పులు, కార్లు, రోడ్లు అన్నీ గులాబీ రంగు పూసుకున్నాయి. ఎగిరే నిప్పురవ్వలు మైళ్ల దూరం దూకుతున్నప్పుడు వెడల్పాటి పట్టీ కూడా వాటి కిందే ఉండిపోతుంది. వాలు తక్కువగా, గాలి మోస్తరుగా, మంట చిన్నగా ఉన్నప్పుడు, సిబ్బంది వెంటనే చేరుకోగలిగిన చోటనే రిటార్డెంట్ బాగా పనికొస్తుందని ఈ పనిలో ఉన్నవారే చెబుతారు. కెమెరాలు ఎక్కువగా ఉండేది మాత్రం అందుకు భిన్నమైన రోజుల్లోనే.

ఇతర దేశాలు, మన దేశం

ఫ్రాన్స్‌లో సరస్సుల నుంచి, సముద్రం నుంచి నీళ్లు తోడుకునే కెనడేర్ విమానాలతో పాటు రిటార్డెంట్ చల్లే డ్యాష్-8లు కూడా ఉన్నాయి. కెనడా రెండు పద్ధతులూ వాడుతుంది. మన దేశంలో విమానాల నుంచి రసాయనాలు చల్లే ఏర్పాటు లేదు. అవసరమైతే వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్లు బకెట్‌లతో నీళ్లు తెచ్చి పోస్తాయి. 2024 ఏప్రిల్‌లో నైనితాల్ మంటలకు భీమ్‌తాల్ సరస్సు నుంచి అలాగే తోడారు. 2014 మార్చిలో తిరుమల శేషాచలం కొండలు అంటుకున్నప్పుడు కూడా వాయుసేన హెలికాప్టర్లనే పిలిపించారు. శేషాచలం, నల్లమల లాంటి చోట్ల వేసవి మంటలు ఎక్కువగా నేల మీద రాలిన ఆకు, ఎండుగడ్డి పట్టుకుని పాకుతాయి. వేసవికి ముందు ఫైర్ లైన్లు శుభ్రం చేయడం, ఫైర్ వాచర్లను పెట్టడం, ఆకులు ఊదే బ్లోయర్లతో మంట ముందు దారి ఖాళీ చేయడం ఇక్కడి అటవీ శాఖల పద్ధతి. రాలిన ఆకు పొర కింద దాక్కున్న నిప్పుకు ఖరీదైన ఎర్రమందు కంటే బ్లోయర్ పట్టుకున్న మనిషే నయం.